గాసిని సాగనంపే పాట

నీలవేణికి కంప్యూటరు నేర్పింది విశాఖపట్నంలో ఓ ఇన్‌స్టిట్యూటు. దానితో పని కల్పించింది మాత్రం వాళ్ళ నాన్న గాసి. అరకు చుట్టుపక్కల పెళ్ళిళ్ళకి వెళ్ళే బ్యాండులో ఆయనది బ్యాంజో. టైపు మిషనుకి ఉన్నట్టు మీటలుంటాయి దానికి, ఒక్కో మీట మీద ఒక్కో అంకె. గాసికి సరిగమలు తెలియవు, అంకెలే తెలుసు. అదే బ్యాండులో క్లారినెట్టు ఊదే పైడయ్య పోలీసు బ్యాండులో చేసి రిటైరైన మనిషి. అయిదు గీతల మీద పిట్టలు వాలినట్టు రాసే ఇంగ్లీషు స్వరాలు తప్ప ఆయన బుర్రకి మరోటి ఎక్కదు. ఇద్దరూ కూర్చుంటే పాట కుదరదు, తగువు మాత్రం బ్రహ్మాండంగా కుదురుతుంది.

రెండువేల రెండులో అరకు బజారులో జిరాక్సు షాపులో చేరిన నీలవేణి, వీళ్ళ పోరు పడలేక ఓ చిన్న ప్రోగ్రాం రాసింది. నాన్న అంకెలు కొడితే పైడయ్య గీతలు వస్తాయి. స్పీకరులోంచి పాట కూడా వినిపిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు గాసి స్పీకరు వెనక్కి వెళ్ళి చూసొచ్చాడు. "నా సెయ్యి లేకుండానే నా పాట వత్తందేటే గుంటా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నీలవేణికి ఎందుకో భయం వేసింది.

ఆ మాట నిజం కావడానికి రెండేళ్ళు పట్టింది. జ్వరమని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు.

అసలు చిక్కు అక్కడ మొదలైంది. వాళ్ళ ఊళ్ళో మనిషి పోతే సాగనంపే పాట ఒకటుంది. పూర్వం కిన్నెర మీద వాయించేవారు. గాసి తండ్రితో కిన్నెర పోయింది, పాటని గాసి బ్యాంజో మీదకి తెచ్చుకున్నాడు. చుట్టుపక్కల ఏ ఇంట్లో చావైనా ఆయనే దిక్కు. అందర్నీ సాగనంపినవాడిని సాగనంపే దిక్కు లేకపోయింది. పాట లేకుండానే పూడ్చేశారు.

ఆ తర్వాత రోజూ సాయంత్రమైతే గోడకి తగిలించిన బ్యాంజో తీగలు సన్నగా మోగేవి. గాలికి తీగ కదలదా అని నీలవేణి వాదించింది. తలుపులు మూసి చూసింది. మూసినా మోగింది, ఇక వాదించలేదు. తల్లి అసిరమ్మ ఆ ఇంట్లో ఉండలేక పక్కింటి అరుగు మీద పడుకునేది. తిండి మానేసి చీపురుపుల్లలా అయిపోయింది. కొత్త కొర్రలు వండుకునే కొర్ర కొత్తల పండగలోపు పంపకపోతే ఆయన ఇక ఎప్పటికీ వెళ్ళడని ఊరి పెద్దలు చెప్పారు. చలికాలం వస్తే అమ్మ ఆ అరుగు మీద బతకదని నీలవేణికి తెలుసు. నాన్నని పంపెయ్యాలి, తప్పదు.

పాట ఆమెకి ఒక విధంగా వచ్చు. చావు లేని ఇంట్లో ఆ పాట వాయించకూడదు గానీ అంకెలు చెప్పుకుంటే తప్పులేదు. హాస్టలు నుంచి సెలవులకి వచ్చిన కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, చుట్ట కాలుస్తూ గాసి అవే వల్లె వేయించేవాడు. బ్యాంజో మీద ఆమె వేళ్ళు ఆడవు, ఊదే వాద్యం చావుకి పనికిరాదని పెద్దలు పైడయ్యని వద్దన్నారు. అందుకే ఆ అంకెలు ప్రోగ్రాంలో కొట్టి, షాపు యజమానిని బతిమాలి, కంప్యూటరుని జీపులో ఊరికి తెచ్చింది. ఊరంతా ముంగిట్లో చేరింది. మిషను చావుపాట పాడటమేమిటని కొందరు సణిగారు. పోనీ మీరు వాయిస్తారా అంటే వెనక్కి జరిగారు.

పాట మొదలైంది. అసిరమ్మ స్పీకరుకి ఎదురుగా నిలబడింది. ఒకచోట నోరు తెరిచింది. పాట ఆగలేదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది, పాట అయిపోయింది.

"ఏటే సేత్తన్నావు?" అంది కూతురితో. "మనిసిని పిలవనీవా?"

హాస్టల్లో పెరిగిన పిల్ల, ఊళ్ళో చావులు చూసి ఎరగదు. పెద్దలు చెబితే అప్పుడు తెలిసింది. ఆఖరి వరసకి ముందు వాయించేవాడు చెయ్యెత్తేస్తాడు. ఆ ఖాళీలో ఇంటివాళ్ళు పోయిన మనిషిని ఒక్కసారి పేరుపెట్టి పిలవాలి. మొగుడి పేరు పలకని ఆడది కూడా అక్కడ పలకాలి, జన్మకి అదొక్కసారే. పిలుపు విని మనిషి ఇటు తిరుగుతాడు, ఆఖరి వరస విని వెళ్ళిపోతాడు. అంకెలు చెబుతూ నాన్న అక్కడ ఎప్పుడూ ఆగేవాడు. చుట్ట పీల్చుకోవడానికి ఆగుతున్నాడనుకుంది నీలవేణి. అందుకే అక్కడ ఏమీ కొట్టలేదు.

సిగ్గుతో తలొంచుకుని అక్కడే కూర్చుని సరిచేసింది. ఆ చోటికి వచ్చి పాట ఆగాలి, ఎంటర్ నొక్కితేనే ఆఖరి వరస రావాలి.

ఈసారి పాట వచ్చింది, ఆగింది. అసిరమ్మ పెదాలు కదిలాయి, మాట రాలేదు. కాపురమంతా "ఇదిగో", "గుంట నాన్న" అంటూ నెట్టుకొచ్చిన మనిషి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, మళ్ళీ తీసేసింది.

"గాసీ" అంది.

అమ్మ ఎవర్నైనా అంత మెత్తగా పిలవడం నీలవేణి వినలేదు. లోపల, ఎవరూ లేని ఇంట్లో, పడుకున్న మనిషి లేచి అడుగు వేసినట్టు నేల చప్పుడైంది. అందరూ విన్నారు. ఎవరూ తల తిప్పలేదు. నీలవేణి ఎంటర్ మీద వేలు పెట్టింది.

"గాసీ" అంది అసిరమ్మ మళ్ళీ. రెండోసారి పిలవకూడదని పెద్దలు వారించారు. వినిపించుకోలేదు. ఇంటివైపు తిరిగి మళ్ళీ పిలిచింది. కళ్ళనిండా నీళ్ళు, ముఖంలో మాత్రం ఎన్నడూ లేని వెలుగు.

"ఇంత బాగుంటాదని తెలీదే గుంటా" అంది. "బతికున్నప్పుడే పిలిసీదాన్ని."

బేగి నొక్కమని పెద్దలు అరుస్తున్నారు. అసిరమ్మ ఆ పేరు పిలుచుకుంటూనే గడప దాటి ఇంట్లోకి వెళ్ళింది. నీలవేణి నొక్కలేదు.