అమ్మ వాసన

నా చిన్నప్పుడు మా అమ్మ నోట్లో నిప్పు ఉండేది. మా కొండల్లో ఆడవాళ్లు చాలామంది చుట్టను అడ్డపొగ వేస్తారు, అంటే వెలిగే కొసను నోటి లోపలికి పెట్టుకుని పీలుస్తారు. చోడి, అదే రాగి చేలో కలుపు తీస్తున్నా, వానలో కట్టెలు మోస్తున్నా అది ఆరదు. ఆకలి కూడా తెలియదని అమ్మ అనేది.

ఆ వానాకాలానికి మా తమ్ముడు ఇంకా పాకడం లేదు. వాడి ఛాతీలో పిల్లికూతలు వినిపించేవి. నేను ఒకచోట కూర్చోలేకపోయేదాన్ని. వాడి దగ్గర చెవి పెట్టి వినేదాన్ని, గుమ్మం దాకా వెళ్లేదాన్ని, మళ్లీ వచ్చి వినేదాన్ని. ఆసుపత్రిలో మందిచ్చారు, పొగ తగలనీయొద్దన్నారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది.

పక్కింటి అత్త మా ఊరి ఆశా కార్యకర్త. చుట్ట మానమని ఆమె చెబితే అమ్మ నవ్వేసింది.

"నిప్పు నా నోట్లో ఉంటే పొగ గుంటడికెలాగెళ్తాది ఒదినా? మగోళ్లలాగ బయటికి ఊదుతున్నానేటి?"

అత్త వాదించలేదు. నన్ను పిలిచి తన కొంగుతో నా కళ్లు మూసింది. "ఇది ఎవరిదో వాసన సూసి సెప్పు గుంటా" అంటూ ముక్కు దగ్గర ఒక గుడ్డ పెట్టింది. సబ్బు వాసన. "నీదే అత్తా" అన్నాను. ఇంకొకటి పెట్టింది. "అమ్మది." మరొకటి పెట్టింది. "ఇదీ అమ్మదే."

కొంగు తొలగించుకుని చూస్తే అత్త చేతిలో తమ్ముడి బొంత ఉంది.

అమ్మ దాన్ని లాక్కుని ముక్కుకు అదుముకుంది. అటూ ఇటూ తిప్పి మళ్లీ మళ్లీ పీల్చింది. "నాకేటీ వాసన తెలీట్లేదే" అంది చివరికి, నా వైపు చూస్తూ. అమ్మ గొంతులో భయం వినడం నాకదే మొదలు.

ఒక్కసారిగా ఏం మానలేదు. నోరు ఊరుకోనప్పుడు నమలమని అత్త ఎండు ఉసిరి ముక్కలు అమ్మ కొంగున కట్టేది, చేను దాకా పక్కనే నడిచేది. అమ్మ మా మీద ఊరికే చిరాకుపడేది, గిన్నెలు విసిరేది. ఓసారి చూరులో దాచిన చుట్ట వెతికి పెరట్లోకి వెళ్లి కాల్చేసింది కూడా. అత్తకు తెలిసి, "సర్లే, రేపు మళ్లీ మానీ. నానెక్కడికీ పోను కదా" అంది.

కాఫీ పళ్లు ఎర్రబడేసరికి చూరు ఖాళీ అయింది. తమ్ముడి పిల్లికూతలు కూడా తగ్గుతూ తగ్గుతూ ఆగాయి. నాకు మాత్రం అమ్మ పక్కన పడుకుంటే ఎవరో కొత్తమనిషి పక్కన పడుకున్నట్టు ఉండి, ఎన్నాళ్లో నిద్ర పట్టలేదు.

ఇప్పటికీ ఎవరి పాపనెత్తుకున్నా ముందు మాడు వాసన చూస్తాను. పాల వాసన వస్తేనే మనసు కుదుటపడుతుంది. అయినా డుంబ్రిగుడ సంతలో అడ్డపొగ వేసుకుని ఏ ముసలమ్మ పక్కనుంచి వెళ్లినా నా అడుగు ఆగిపోతుంది. అమ్మ అనుకుని వెనక్కి తిరుగుతాను.