మెట్రో మింగిన క్రియ

ఆ దినాల్ల ఏ ముచ్చటనన్న సక్కగ చెప్పాల్నంటే నాకు నామోషీ అనిపిస్తుండె. మా ఖాందాన్ల మొదటి డిగ్రీ నాదే కాబోతుండె మరి, జర ఎచ్చులుండయా? పరీక్షలు రాసి అమీర్‌పేటల కోచింగ్‌కు పోతుంటి. ఆడ మా తెలుగు సారు (గోదావరి దిక్కాయన, తిట్టినా 'అండీ' అనే తిడ్తడు) ఓ దినం దీపకాలంకారం చెప్పిండు. ఒక్క క్రియను చివర్ల పెట్టి, నాలుగు మాటల్ని దాని మీదనే నడిపియ్యాలంట. "చుట్టాలు, నవ్వు, కరెంటు బిల్లు ఒక్కసారే వచ్చాయి. రాసుకోండి" అన్నడు. నాకు మస్తు నచ్చింది. హాస్టల్ల ఎవలన్న సబ్బు అడిగినా దీపకంలనే జవాబిస్తుంటి.

గంతల్నే రిజల్ట్ వచ్చింది, పాసైన. గదే దినం పంజాగుట్టల ఓ ఆఫీసుల కొలువు సుత ఖాయమైంది. ఈసారి తప్పితే సప్పుడు చెయ్యకుండ ఊరికొచ్చి సైకిల్ దుకాణంల కూసోవాలని బాపు ముందే చెప్పిండు. గందుకే ఆగలేక మెట్రో స్టేషన్ కిందనే నిలబడి ఫోన్ కొట్టిన. "పాసైన బాపూ" అంటే ఒడిసిపోతుండె. గని నేను అలంకారం సదివినోణ్ణి కద. "బాపూ, నా డిగ్రీ, నా నౌకరి, మన ఇంటి ఇజ్జత్, అన్నీ ఒక్క దినంల..." అని గుంజి గుంజి చెప్తుంటే నెత్తి మీద రైలొచ్చింది. ('దక్కినయ్' అని నేను ఒర్లిన. పంజాగుట్ట మొత్తం ఇన్నది, బాపు తప్ప.) అటు దిక్కు ఫోన్ పెట్టేసిండు. సంబురంతోని మాట రాలేదనుకొని, దోస్తులకు బిర్యానీ తినిపియ్యనీకి కృష్ణానగర్ పోయిన.

క్రియ ఇనబడకపోతే ఏ బాపైనా 'పోయినయ్' అనే పెట్టుకుంటడు.

తెల్లారి హాస్టల్ ముంగట బాపు, భుజం మీద తాడు. నా పెట్టె కట్టుకొని నన్ను తోల్కపోనీకి వచ్చిండు. బస్సుల ఏడ్సినట్టుంది, కండ్లు ఎర్రగున్నయ్. "పోతే పోయినయ్ తియ్యి బిడ్డా, పంచరెయ్యనీకి డిగ్రీ ఎందుకు" అన్నడు.

ఫోన్ల మార్కులు చూపిచ్చిన, కొలువు ముచ్చట చెప్పిన, ఆఖరికి దీపకమంటే ఏందో సుత చెప్పిన. అంత ఇన్నడు.

"గా దక్కినయ్ అన్న మాట ముందుగల్ల చెప్తే మీ సారు కొడ్తడారా?"

అని నెత్తి మీద ఒక్కటి పీకి, ఆ చెయ్యి ఆన్నే ఉంచిండు.

ఇప్పుడు నేను ఏ ముచ్చటనైనా ఒక్క ముక్కల తేల్చేస్త, అందరికీ సాఫ్‌గ అర్థమైతది. గని ఒక్క ఫోన్ల లోకమంత చెప్పెయ్యాలని ఆగమైన గా పోరడంటే నాకు ఇప్పటికీ ప్రేమనే, పావురమే.