బోసిగా ఉన్న రెండో చెయ్యి

నా చిన్నప్పుడు మాకు బళేపేటలో గాజుల అంగడి ఉండేది. అంగడి అంటే పెద్దదేమీ కాదు, కాళ్ళు చాపితే ఎదుటి గోడకు తగిలేంత. మా తాత సరుకు కోసం ఊళ్ళు తిరిగేవాడు. అంగట్లో కూర్చుని ఆడవాళ్ళకు గాజులు తొడిగేది మా అవ్వ, మా చిన్నాయన. హిందూపురం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడ. ఆ సందు ఇప్పటికీ ఉంది. మా అంగడి ఉన్నచోట ఇప్పుడు ప్లాస్టిక్ పైపులు అమ్ముతున్నారు. అవి చూడలేక ఆ వైపు వెళ్ళడం మానేశాను.

ఈ మధ్య మా అపార్ట్‌మెంటులో గంజాయి మీద పెద్ద రభస జరిగింది, దానితో ఇదంతా మళ్ళీ కదిలింది. గంజాయిని చట్టబద్ధం చేయాలా వద్దా అని టీవీలో ఏదో చర్చ వచ్చిందట. అది వాట్సాప్ గ్రూపులో రాజుకుని, ఆదివారం కింద హాల్లో కుర్చీలు వేసుకుని అరుచుకునేదాకా వచ్చింది. ఒకాయన విదేశాల సంగతులు చెప్పాడు. ఒకావిడ పిల్లలు నాశనమైపోతారంది. ఇంకొకాయన అది శివుడి ప్రసాదమన్నాడు. అందరికంటే గట్టిగా అరిచింది నా కొడుకు కూతురే. ఇంజనీరు, నెమ్మదస్తురాలు, మాతోనే ఉంటుంది. అలాంటి పిల్ల ఆ రోజు గొంతు చించుకుని, చట్టం మార్చాల్సిందేనని వాదించింది. చివరికి నా వైపు తిరిగి, "అవ్వా, నువ్వు చెప్పు. ఎస్సా, నోనా?" అంది. నాకు ఒళ్ళు మండింది. నేనేమన్నా పరీక్ష రాయడానికి వచ్చానా? నోరు మెదపకుండా లేచి పైకి వచ్చేశాను. చెప్పడానికి ఏమీ లేక కాదు. నాకు గంజాయి అంటే మా చిన్నాయన.

మా చిన్నాయన చేతుల గురించి చెప్పకపోతే ఆయన గురించి చెప్పినట్టే కాదు. మట్టి గాజులు తొడగడం చూసేవాళ్ళకు సులువుగా ఉంటుంది. అవతలి మనిషి చెయ్యి బిగపట్టిందంటే గాజు ఎక్కదు, బలవంతం చేస్తే చిట్లి గుచ్చుకుంటుంది. అందుకని ఆయన ముందు చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చునేవాడు. "ఇంట్లో అందరూ బాగుండారా అక్కా?" అని అడిగేవాడు. ఆవిడ అత్త గురించో బిడ్డ గురించో మొదలుపెట్టేది, మాటల్లో చెయ్యి మెత్తబడేది, గాజు ఎప్పుడు దిగిందో ఆవిడకే తెలిసేది కాదు. నా మొదటి మట్టి గాజులు తొడిగింది ఆయనే. నీ పెళ్ళికి కూడా నేనే తొడిగేదని అప్పుడే మాట ఇచ్చాడు. పెళ్ళంటే ఏమిటో తెలియకపోయినా నేను ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను.

మార్కెట్ వెనకాల ఒక మఠం ఉండేది. సాయంత్రం అక్కడ భజన జరిగేది, బైరాగులు దిగేవాళ్ళు, గంజాయి నింపిన చిలుం గొట్టం చేతులు మారేది. ఆ రోజుల్లో గంజాయికి లైసెన్సు అంగడే ఉండేదని మా పెద్దవాళ్ళు చెప్పేవారు, కాబట్టి ఎవరూ దాన్ని దొంగసరుకు అనుకోలేదు. చాలామంది ఆ చిలుం పీల్చి, భజన చేసుకుని, ఇంటికొచ్చి అన్నం తిని పడుకునేవాళ్ళు. మా చిన్నాయన అలా రాలేకపోయాడు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన్ను అది పట్టుకుంది. పగలు కూడా ఒళ్ళో తాడుకు గుచ్చిన గాజుల మలారం పెట్టుకుని గోడను చూస్తూ కూర్చునేవాడు. అంత నమ్మకమైన చేతులు వణకడం మొదలైంది.

ఒక పొద్దున ఆయన చిలుంలో నిప్పు సరిగ్గా ఆర్పకుండా అంగడి వెనక నిద్రపోయాడు. గాజుల పెట్టెల్లో గడ్డి పెట్టి పంపేవారు ఆ కాలంలో. ఆ గడ్డి అంటుకుంది. మంట పెద్దది కాకముందే సందు సందంతా బిందెలతో పరుగెత్తుకొచ్చి ఆర్పేశారు. కానీ పక్కన బట్టల అంగళ్ళు, ఎదురుగా ఊదుబత్తుల అంగడి. గాలి కాస్త తోడై ఉంటే ఏమయ్యేదో అందరికీ తెలుసు.

మంట ఆరాక మాటలు అంటుకున్నాయి. మా అంగడి వాకిట్లో జనం రెండు జట్లయ్యారు. గంజాయి తాగేవాణ్ణి పేటలో ఉంచకూడదని కొందరు, అది సాధువులు పుచ్చుకునేది, నోటికొచ్చినట్టు తిట్టకండని కొందరు. లోపల గోనెపట్టా అడ్డం వెనక మా చిన్నాయన కూర్చుని ఉన్నాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. బయట అంతసేపు గంజాయి గురించి మాట్లాడారు, ఆయన్ను పిలిచి ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు. ఆయన తన పంచె, చొక్కా తువ్వాలులో మూట కట్టుకున్నాడు. వెళ్ళిపోతాడని నాకు అర్థమైంది. ఆ మూట లాక్కుని దానిమీద కూర్చున్నాను. ఆయన నవ్వాడే కానీ లెమ్మనలేదు.

ఎదురంగడిలో ఊదుబత్తులు అమ్మే అత్త ఒకావిడ ఉండేది. మంచిదే కానీ నోరు పెద్దది. ఆమె జనాన్ని తోసుకుని మా అవ్వ ముందుకొచ్చింది. "వాణ్ణి ఈ పొద్దే పంపించేయమ్మా. లేదంటే మేమే గెంటాల్సొస్తాది," అంది.

మా అవ్వ కోప్పడలేదు. ఆమె చేతుల వైపు చూసింది. నీళ్ళు పోసే హడావిడిలో ఆమె గాజులన్నీ చిట్లిపోయి ఉన్నాయి. "సరే, మాట్లాడుకుందాం. ముందు కూకో తల్లీ. మా అంగడి కోసం వచ్చి చేతులు బోసి చేసుకుండావు. ముత్తయిదువ అట్ల నిలబడొచ్చునా?" అని కూర్చోబెట్టి, ఎడమ చెయ్యి అందుకుని గాజులు తొడగడం మొదలుపెట్టింది.

మా వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. ఒక చేతికి తొడిగి, రెండో చెయ్యి బోసిగా ఉండగా ఆడమనిషి లేవకూడదు. తొడిగేవాళ్ళు వదలకూడదు. బళేపేటలో ఆ సంగతి తెలియని ఆడది లేదు. ఎడమ చెయ్యి నిండాక మా అవ్వ వేళ్ళు విదిలించి, "పట్టేసినాయమ్మా, ముసలి వేళ్ళు," అంది. లోపలికి తిరిగి, "ఒరే, అక్కకు రెండో చేతికి నువ్వు తొడుగు రా," అని మా చిన్నాయన్ను పిలిచింది. అంతకుముందే అవే వేళ్ళతో నా చెవి మెలిపెట్టింది. వాటికి ఏ రోగమూ లేదని నాకు బాగా తెలుసు.

అత్త లేవబోయింది. తన కుడి చెయ్యి చూసుకుంది. మళ్ళీ కూర్చుంది.

మా చిన్నాయన వచ్చి ఆమె ముందు చతికిలబడ్డాడు. సందు మొత్తం చూస్తోంది, గోనెపట్టా పక్కకు లాగి నేనూ చూస్తున్నాను. మొదటి గాజు కణుపుల దగ్గరే చిట్లింది, ముక్క ఆయన అరచేతిలో దిగి రక్తం వచ్చింది. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. ఆయన తలెత్తకుండా, "నా చెయ్యి వణికిందక్కా," అన్నాడు. అందరూ అదే అనుకుంటున్నారు. ఆమె మాత్రం నిదానంగా, "లేదప్పా, నేనే బిగపట్టినా," అంది.

ఆయన రక్తం పంచెకు తుడుచుకుని ఆమె చెయ్యి మళ్ళీ పట్టుకున్నాడు. ఈసారి గాజు తీయలేదు. అలవాటు ప్రకారం, "ఇంట్లో అందరూ బాగుండారా అక్కా?" అని అడిగాడు. ఆ ఒక్క మాటకు ఆమె మొహం మారిపోయింది. "నాకొక తమ్ముడుండె," అంది. "నీ మాదిరే తాగుతాండె. ఒక పొద్దు నేనే తలుపేసి గడె పెట్టినా. మళ్ళా రాలేదు. యాడుండాడో తెలీదు. ఇప్పుడు మీ యమ్మ నిన్ను ఇంట్లోనే పెట్టుకుంటే, నేను చేసింది ఏమవుతాదప్పా?"

మా చిన్నాయన ఆ చెయ్యి అలాగే పట్టుకుని ఒక్కొక్క గాజే తొడిగాడు. ఇంకొక్కటి కూడా చిట్లలేదు. సాధువులు పుచ్చుకునేదన్నవాళ్ళు, గెంటమన్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే జారుకున్నారు. తీర్పు ఏదీ జరగలేదు. మూట నా కిందే ఉండిపోయింది, సాయంత్రం మా అవ్వ విప్పి బట్టలు ఉతికి ఆరేసింది.

ఆయన ఆ రోజుతో మానేశాడని రాస్తే బాగుండేది. మానేశాడు, మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ మానేశాడు. మానినప్పుడల్లా అత్త తన మనుషులందరినీ ఆయన దగ్గరికే గాజులకు పంపేది. అలా కొన్నేళ్ళు మాతో ఉన్నాడు. నాకు పెళ్ళి కుదిరిన ఏడాది, శివరాత్రి మర్నాడు, మఠంలో దిగిన బైరాగులతో కలిసి వెళ్ళిపోయాడు. మా తాత చాలాచోట్ల వెతికాడు.

నా పెళ్ళికి మా అవ్వే గాజులు తొడిగింది. ఎడమ చేతికి తొందరగానే తొడిగేసింది. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. ముహూర్తం దగ్గరపడుతోందని మగపెళ్ళివారు తొందరపెడుతున్నారు. అవ్వ వాకిలి వైపే చూస్తోంది. నేనూ అటే చూశాను. ఎవరూ రాలేదు. చివరికి ఆవిడ కళ్ళు తుడుచుకుని ఆ చేతికీ తొడిగింది. ఇప్పటికీ బస్టాండులో, గుడి మెట్ల మీద ముసలాయన ఎవరైనా కూర్చుని ఉంటే నేను మొహం చూడను, చేతులు చూస్తాను. ఆయన బతికి ఉండే వయసు కాదని తెలుసు. అయినా చూస్తాను.

ఇప్పుడు నా అభిప్రాయం అడిగితే ఏం చెప్పను? మా చిన్నాయనను జైల్లో పెట్టమని నా నోట రాదు. సందుసందుకూ అంగడి తెరిచి అమ్మండని కూడా రాదు. చట్టం చేసేవాళ్ళు చేసుకోనీ, వాళ్ళకు నాకంటే చదువుంది. ఆ హాల్లో అరిచినవాళ్ళందరి ఇళ్ళలోనూ మా చిన్నాయన లాంటివాళ్ళు ఎవరో ఒకరు ఉండి ఉంటారని మాత్రం నాకు అనిపిస్తుంది.

ఆ ఆదివారం సాయంత్రం మనవరాలు పైకి వచ్చింది, ఇంకా కోపంగానే ఉంది. బదులు చెప్పకుండా లేచిపోయి తన పరువు తీశానట. నేను బీరువాలోంచి మట్టి గాజులు తీసి, రా కూర్చో అన్నాను. "ఇప్పుడా? సీరియస్‌గా మాట్లాడుతుంటే గాజులేంటి అవ్వా?" అంటూనే కూర్చుంది. ఎడమ చేతికి తొడిగి ఆపాను. కుడి చెయ్యి పట్టుకుంటే రాయిలా బిగుసుకుని ఉంది. నేను గాజు తీయలేదు. అందరూ బాగున్నారా, నీ స్నేహితులంతా బాగున్నారా అని అడిగాను.

మనవరాలు నెమ్మదిగా చెప్పింది. మొదటి ఉద్యోగంలో హెబ్బగోడిలో తనతో గది పంచుకున్న అమ్మాయి నాకూ తెలుసు, మా ఇంటికొచ్చి నా చేతి చిత్రాన్నం తిని వెళ్ళింది. ఆ పిల్ల ఊరినుంచి వస్తుంటే రాష్ట్ర సరిహద్దులో అత్తిబెలె చెక్‌పోస్టు దగ్గర సంచిలో చిన్న గంజాయి పొట్లం దొరికిందట. కేసు పెట్టారు, ఉద్యోగం పోయింది. "పోలీసులు నాకు కూడా ఫోన్ చేస్తారేమోనని భయమేసింది అవ్వా. తన నంబర్ బ్లాక్ చేశాను. ఇంకా తీయలేదు," అని నా భుజం మీద తల పెట్టింది.

నేను మందలించలేదు, ఓదార్చనూ లేదు. కొంచెంసేపటికి చెయ్యి మెత్తబడింది. ఇక తొడగవచ్చు అనుకుంటుండగా ఆ చేతిని నా చేతుల్లోంచి తీసుకుని ఫోన్ అందుకుంది. ఏదో నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, కిటికీ వైపు తిరిగింది. లేవలేదు. అవతల రింగు పోతూనే ఉంది.

రెండో చేతి గాజులు ఒళ్ళో పెట్టుకుని నేను వాకిలి వైపు చూస్తూ కూర్చున్నాను.