కమాను కింద నిలబడాల్సినోడు

రాతిపని వాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. కమానును మోసే కొయ్య చట్రం తీసేటప్పుడు, కట్టిన మేస్త్రీయే దాని కింద నిలబడాలి. చేసిన పని మీద నమ్మకం లేనివాడు తాపీ పట్టకూడదని వాళ్ల లెక్క.

ఆ కట్టుబాటే మేస్త్రీ నల్లప్ప వాళ్లన్న రామప్పను పొట్టన పెట్టుకుంది. పుంగనూరులో సత్రం కడుతుంటే, కంట్రాక్టరు గోవిందప్ప తొందరపడి, సున్నం గచ్చు ఆరకముందే చట్రం తీయించాడు. కమాను రామప్ప మీద కూలింది. మదనపల్లె ఆసుపత్రికి బండిలో తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. అంతటితో ఆగాడా ఆ పాపాత్ముడు? రామప్పకు పని రాదు, అందుకే చచ్చాడని ఊరూరా చెప్పుకొచ్చాడు. వదిన సావిత్రమ్మ ఆ నింద మోస్తూనే కంకర కొట్టి బతికింది. నల్లప్ప పళ్లు నూరుకుంటూ కాచుకున్నాడు.

యుద్ధం రోజుల్లో కుప్పం స్టేషనుకు మరమ్మతు వచ్చింది. విక్టోరియా రాణి ఏలుబడిలో కట్టిన స్టేషను అది. ఏనుగు దూరేంత కమానులు, నున్నగా చెక్కిన రాతి స్తంభాలు. వాటిలో కొన్ని నల్లప్ప తాత చెక్కినవే. ముందరి కమాను కుంగితే విప్పి మళ్లీ కట్టే పని నల్లప్పకు దొరికింది. కంట్రాక్టరు ఎవరనుకున్నారు? గోవిందప్పే. నల్లప్ప ఎవరి తమ్ముడో వాడికి గుర్తే లేదు. అది చూసి నల్లప్ప కడుపు ఇంకా మండింది.

కమాను నెత్తిన ఆఖరిగా పెట్టే నడిరాయి బిగించిన మర్నాడే గోవిందప్ప రైల్వే ఇంజనీరును వెంటబెట్టుకుని వచ్చాడు.

"రేపు పెద్దదొర వస్తాండాడు. గచ్చు బాగా ఆరుండాది. చట్రం తీసెయ్ నల్లప్పా."

నల్లప్ప సుత్తి అందుకున్నాడు. "తీస్తానయ్యా. ఆరిందని చెప్పింది మీరు గదా. మీరే వచ్చి కింద నిలబడండి."

గోవిందప్ప నవ్వాడు. ఇంజనీరు నవ్వలేదు. "నిలబడవయ్యా, నీ మాటే గదా," అన్నాడు.

గోవిందప్ప తప్పనిసరై వెళ్లి నిలబడ్డాడు. నల్లప్ప చట్రం కాలికి ఒక దెబ్బ వేశాడో లేదో, గోవిందప్ప బయటికి దూకాడు. "వద్దురా, ఇంకా పచ్చిగానే ఉండాది. కూలిపోతాది."

"పుంగనూరులో మాయన్నను నిలబెట్టిన పొద్దు గూడా పచ్చిగానే ఉండె. నీకు తెలుసు," అన్నాడు నల్లప్ప.

అక్కడే కూలికి వచ్చిన సావిత్రమ్మ సున్నం తట్ట దించి ఎదురుగా వచ్చింది. "మా ఆయప్పకు పని రాదంటివే. అందరూ ఈడనే ఉండారు. ఇప్పుడు చెప్పప్పా."

కూలీలంతా చుట్టూ చేరారు. గోవిందప్ప తల వంచుకుని, "తెలుసు. రామప్ప తప్పేం లేదు," అన్నాడు. ఇంజనీరు వాడిని పనిలోంచి పంపేశాడు.

గచ్చు నిజంగా ఆరాక, ఇప్పుడు భయంలేదు, వచ్చి నిలబడమని నల్లప్ప గోవిందప్పకు కబురంపాడు. ఊరంతా నవ్వుకుంది. వాడు రాలేదు. నల్లప్ప కమాను కిందికి వెళ్లాడు. ఎవరూ పిలవకుండానే సావిత్రమ్మ కూడా వచ్చి అతని పక్కన నిలబడి, "తీయండి," అంది.