మా డాబా మీద సముద్రం

సొంత అన్న రాజకీయ జీవితాన్ని ముంచడానికి లోకంలో చాలా దారులున్నాయి. ఎదుటి పార్టీతో చేతులు కలపవచ్చు, మైకు ముందు నోరు జారవచ్చు. నేను మాత్రం మా అన్నను అచ్చంగా ఉప్పునీళ్లలో ముంచాను. అదీ ఎక్కడో తీరంలో కాదు. మొయినాబాద్ పక్కన, ఎటు చూసినా టమాటా చేలూ పూల తోటలూ తప్ప కెరటం అనేది కనిపించని మా ఊళ్లో. మా ఇంట్లో ఈ సంగతి ఎత్తడం నిషేధం కాబట్టి మీకు చెప్పుకుంటున్నాను. కాస్త సర్దుకుని కూర్చోండి. చేతిలో నీళ్లగ్లాసు ఉంటే ముందు తాగేయండి, తర్వాత తాగబుద్ధి కాకపోవచ్చు.

అసలు సముద్రం మా ఇంటికి ఎందుకొచ్చిందంటే, నా భార్య లలితది కాకినాడ. ఒకే ఆఫీసులో కంప్యూటర్ల ముందు కూర్చుని పరిచయమైనవాళ్లం. పెళ్లయ్యాక మా ఊళ్లోనే, మా బాపు, అన్నావదినలతో కలిసి ఉంటున్నాం. ఒకరోజు చేవెళ్ల మార్కెట్లో టమాటాలు ఏరుతూ లలిత, "సముద్రం చూసి ఎన్నాళ్లయిందో కదండీ" అంది. మామూలు మొగుడైతే రైలు టికెట్లు తీస్తాడు. నేను ఫోన్ తీసి వీడియోలు చూశాను. అద్దాల తొట్టిలో సముద్రపు నీళ్లు, రాళ్లు, రంగురంగుల పగడాలు, వాటి మధ్య నారింజరంగు చేపలు! అప్పటికప్పుడు నిర్ణయించేశాను. లలిత సముద్రం దగ్గరికి వెళ్లనక్కర్లేదు, సముద్రమే లలిత దగ్గరికి వస్తుంది.

ఆ మాట చెబితే లలిత, "సముద్రం చూడాలని ఉందన్నాను గానీ ఇంట్లోకి తెమ్మన్నానా?" అంది. అప్పటికే నేను తొట్టికి ఆర్డరిచ్చేశాను.

తొట్టి మేడ మీద మా గదిలోకి ఎక్కింది. సముద్రపు తొట్టి అంటే నీళ్లు పోసి చేపలు వదిలేయడం కాదండీ. పెద్ద తొట్టి కింద, బల్లలో, ఇంకో చిన్న తొట్టి ఉండాలి. పైనుంచి పొంగిన నీళ్లు ఒక పైపులోంచి కిందికి దిగాలి, అక్కడ శుభ్రపడాలి, మోటరు వాటిని మళ్లీ పైకి తోయాలి. ఇదంతా పైపుల పని. ప్లంబర్‌ను పిలుద్దామని అన్న అంటే నాకు పౌరుషం వచ్చింది. పెద్ద పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్ నడిపేవాణ్ని, నాలుగు పైపులు అతికించలేనా?

అతికించాను. మొదటిరోజు నీళ్లు పోస్తే ప్రతి అతుకూ కన్నీరు కార్చింది. జిగురు ఆరేదాకా ఆగాలని డబ్బా మీద రాసి ఉందిట. మొయినాబాద్‌లోని పైపుల దుకాణానికి ఎన్నిసార్లు తిరిగానంటే, ఆ దుకాణదారు నన్ను చూడగానే వంపు తిరిగిన ఎల్బోలు, వాల్వులు గల్లా మీద పేర్చేవాడు. రెండో దఫా కారడం ఆగింది, చప్పుడు మొదలైంది. పైపులో గాలి చేరి గుడగుడమంటుంటే కింది గదిలోంచి బాపు అరిచాడు.

"సురేశూ! ఎవర్రా గంతసేపు పుక్కిలిస్తున్నరు?"

"ఎవరూ లేరు బాపూ, నీళ్లు దిగుతున్నాయి."

"దిగితే దిగనియ్యి గని, గొంతులకెల్లి దిగినట్టు గాదు గదరా!"

పైపుకు చిన్న రంధ్రం పెట్టి ఆ గుడగుడనూ ఆపాను. నేను పట్టుబడితే వదలను, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. వాళ్ల భయమూ అదే. రాళ్లు పేర్చాను. నీళ్లు కుదుటపడేదాకా వారాల తరబడి ఓపిక పట్టి, రెండు చేపలు తెచ్చి వదిలాను. నారింజ ఒంటి మీద తెల్లపట్టీలు, బడికి వెళ్లే పిల్లల్లా ఉన్నాయి. లలిత వాటిని చూసి నవ్వింది. ఆ నవ్వుతో నాకు బుర్ర పూర్తిగా తిరిగిపోయింది.

ఇక అసలు తప్పు. సముద్రపు తొట్టిలో నీళ్లు కొంచెం కొంచెంగా మారుస్తూ ఉండాలి. అంటే శుద్ధి చేసిన నీళ్లలో ప్రత్యేకమైన సముద్రపు ఉప్పు కలిపి సిద్ధంగా ఉంచుకోవాలి. తొట్టి అమ్మినాయన టబ్బులో కలుపుకోమన్నాడు. టబ్బులూ బకెట్లూ మోయడం నాబోటి మేధావి చేసే పనా? మా డాబా మీద రెండు నీళ్ల ట్యాంకులున్నాయి. పెద్దది రోజూ వాడకానికి. పక్కన చిన్నది ఏడాదంతా ఊరికే నిండి ఉంటుంది. దాన్ని ఖాళీ చేసి, శుద్ధి చేసే మిషన్ పైపు అందులో పెట్టి, నిండాక ఉప్పు బస్తాలు కుమ్మరించి, చిన్న మోటరుతో కలిపేశాను. అక్కడినుంచి ఒక పైపు సూటిగా నా గదిలోకి. కుళాయి తిప్పితే చాలు, బంగాళాఖాతం దిగివస్తుంది!

రెండు ట్యాంకుల అడుగునా కలుపుతూ ఒక పాత పైపు ఉంది, దాని నడుమ వాల్వు. ఆ పైపును కోసి చివర మూత బిగించాలని నాకూ తోచింది. కానీ మూత లేదు. మూత కోసం మళ్లీ మొయినాబాద్ వెళ్లాలి, మళ్లీ ఆ దుకాణదారు మొహం చూడాలి. వాల్వు ఉంది కదా అని గట్టిగా బిగించి దిగి వచ్చాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ట్యాంకు ఎందుకు తీసుకున్నావని అడుగుతారు, అడిగితే ఖాళీ చేయాల్సి వస్తుంది.

ఇప్పుడు మా మల్లేశన్న గురించి. ఊళ్లో సర్పంచ్ ఎన్నికలు దగ్గర పడ్డాయి. అన్న నిలబడాలనుకున్నాడు. పెద్దమనుషులంతా ఒక్కమాట మీదికొస్తే పోటీ లేకుండా గెలుపే. అన్నకున్న ఒకే ఒక్క ఆయుధం మా బోరు. చుట్టుపక్కల అందరి బోర్లూ ఒగరు, మాది మాత్రం కొబ్బరినీళ్లు. "గెలిస్తే మా బోరు నీళ్లు గల్లీ గల్లీకి పైపేసి ఇస్త" అని అన్న మాట. ఆ మాట మీదే ఒక ఆదివారం పెద్దమనుషుల్ని భోజనానికి పిలిచాడు. వదిన వాటర్ క్యాన్లు తెప్పిద్దామంటే అన్న మండిపడ్డాడు.

"కొనుక్కొచ్చిన నీళ్లు పోస్తే ఇజ్జత్ పోతది. మన బోరు నీళ్లే పోయాలె. తాగి చూసి వాళ్లే అంటరు, మల్లేశే సర్పంచ్ అని."

ఆ ఆదివారం పొద్దున్నే లైను రిపేరని కరెంటు తీసేశారు. వాకిలి కడగడం, వంటసామాను తోమడం, వంట, అన్నీ అయ్యేసరికి పెద్ద ట్యాంకు అడుగంటింది. మోటరు వేద్దామంటే కరెంటు లేదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అంటారేమో, అది మేడ మీద చేపలకు గాలి ఆడిస్తోంది. వాకిట్లో షామియానా కింద పెద్దమనుషులు కండువాలతో విసురుకుంటున్నారు.

"ఇన్వర్టర్ ఏమాయెరా?" అని అన్న అడిగాడు.

"మంచిగా పనిచేస్తోందన్నా" అన్నాను. అబద్ధం కాదు కదా.

మా మండలంలో ఏ ఊరికి వెళ్లినా అంజయ్య తాత మాటకు విలువుంది. ఆయన తలూపితే పదిమందీ ఊపుతారు. ఆయన కుర్చీలో కుదురుకోగానే అన్న స్వయంగా స్టీలు గ్లాసులో నీళ్లు అందించాడు.

"తాగు తాతా! ఒక్కపారి తాగినవంటే జన్మల మర్శిపోవు."

తాత సగం గ్లాసు ఎత్తి పోసుకున్నాడు. బుగ్గలు ఉబ్బాయి. కళ్లు పెద్దవయ్యాయి. పదిమందిలో ఉమ్మలేక మింగేశాడు.

"ఎట్లున్నయి?"

"మర్శిపోను బిడ్డా" అన్నాడు తాత బొంగురు గొంతుతో.

అన్న ఉప్పొంగిపోయి అందరికీ పంచాడు. ఒక్కొక్కరూ గుక్క వేసి పక్కవాడి మొహం చూస్తున్నారు. పక్కవాడు షామియానా చూస్తున్నాడు. ఇంటికి పిలిచి పెట్టిన మనిషి ముందు బాగాలేదనడం మా ఊళ్లో మర్యాద కాదు. ఆ మర్యాదే వాళ్లను చంపుతోంది.

"ఇంకో గ్లాసు, ఇంకో గ్లాసు! మొహమాటపడకుండ్రి" అని అన్న వెంటపడుతున్నాడు.

"జర చాయ పోయిస్తవా బిడ్డా, నోరు మంచిగైతది" అన్నాడు తాత. వంటగదిలో టీ గిన్నె ముందు నిలబడ్డది లలిత. పాలు రెండుసార్లు విరిగితే పాలవాణ్ని తిట్టుకుని, చివరికి పాలు లేకుండా అల్లం టీ కాచి, దండిగా చక్కెర వేసి తెచ్చింది. తాత ఒక గుక్క తాగి, ఎంతో ప్రేమగా అడిగాడు.

"బిడ్డా, మీ కాకినాడ దిక్కు చాయ గిట్లనే పెడ్తరా?"

లలితకు అర్థం కాక లోపలికొచ్చి ఒక చెంచా నోట్లో పోసుకుంది. నన్ను మూలకు లాగింది.

"ఏవండీ, ఇది ఉప్పు పడ్డ టీ కాదు. చిన్నప్పుడు కెరటం తన్ని నీళ్లు మింగితే ఇదే రుచి. ఇది సముద్రం!"

సరిగ్గా అప్పుడే డాబా మెట్లు దిగుతూ బాపు వచ్చాడు, చేతులు పంచెకు తుడుచుకుంటూ.

"సూసొచ్చిన, నీళ్లు ఇంక మస్తున్నయి. ఇందాక పెద్ద ట్యాంకుల లేకుంటే చిన్నదాని వాల్వు తిప్పిన. ఎవడు బిగిచ్చిండో గని గట్టిగ బిగిచ్చిండు. సుట్టాలొస్తే తిప్పుతందుకే గద నేను ఆ ట్యాంకు ఏడాదంత నింపి పెడ్తా!"

ఏడాదంతా ఊరికే నిండి ఉంటుందని నేననుకున్న ట్యాంకు ఎందుకు నిండి ఉంటుందో ఒక్కసారైనా అడిగి ఉంటే!

బయటికి వచ్చేసరికి గొంతులు తగ్గిపోయాయి. అంటే ముదిరిందని అర్థం. ఒకాయన మెల్లగా అన్నాడు.

"మల్లేశూ, ఏమనుకోకు. నీ బోరు ఉప్పుబారింది."

"నా బోరా? ఉప్పా?" అంటూ అన్న అప్పటికి గానీ తన గ్లాసు నోటికి పెట్టుకోలేదు. పెట్టుకున్నాక ఆయన మొహం చూడలేకపోయాను. చదువు మానేసి ఆ బోరు వేయించిన మనిషి. దాని కింద పండిన పంటతోనే నన్ను చదివించాడు.

"గీ నీళ్లు గల్లీ గల్లీకి ఇస్తనంటివి" అని ఇంకొకాయన లేచాడు. మిగతా కుర్చీలూ కదిలాయి. నేను నోరు మూసుకుంటే నా పరువు దక్కుతుంది, అన్న బోరు పోతుంది. మేడ మెట్టు మీదికెక్కి అరిచాను.

"బోరు మంచిదే! సముద్రమే నాది!"

అంజయ్య తాత చెయ్యి చెవికి ఆన్చాడు. "ఏది నీది?"

"సముద్రం తాతా. చిన్న ట్యాంకులో కలిపి పెట్టాను. చేపల కోసం."

నమ్మలేదు. పదిమందినీ మేడ మీదికి తీసుకెళ్లాను. చల్లటి గదిలో, ఫ్యాను గాలిలో, నీలం లైటు కింద రెండు చేపలు హాయిగా ఈదుతున్నాయి. చెమటలు తుడుచుకుంటూ పెద్దమనుషులు తొట్టి చుట్టూ మూగారు.

"ఇన్వర్టర్ ఈడున్నదా!" అన్నాడు అన్న.

"ఎంత చేప ఇది?" తాత వేలెత్తి చూపాడు. "ఈ పులుసుకు గూడ రాని రెండు చేపలకు సముద్రమంత దరియా దెచ్చి, మా పేగులు గడిగినవారా?"

అదృష్టం, అప్పుడే కరెంటు వచ్చింది. అన్న గబగబా దిగి, అందర్నీ వెంటబెట్టుకుని చేనుగట్టుకు నడిచి మోటరు వేశాడు. పైపులోంచి బొడబొడా దూకిన నీళ్లను ముందు తనే దోసిట పట్టి తాగాడు. తర్వాత తాత తాగాడు. మళ్లీ తాగాడు. తల కూడా కడుక్కున్నాడు. ఉప్పు తాగిన నోటికి మా బోరు నీళ్లు అమృతంలా తగిలి ఉంటాయి. ఒక్కొక్కరూ పశువుల్లా వంగి తాగుతుంటే అన్న మొహం మీదికి మెల్లగా రక్తం వచ్చింది.

"నీళ్లు బంగారమసొంటియి" అన్నాడు తాత మూతి తుడుచుకుంటూ. "మల్లేశుకే మా మాట. గని ఒక్క షరతు. గా తమ్ముణ్ని ఊరి ట్యాంకు దిక్కు రానియ్యొద్దు."

అందరూ తలూపారు. పోటీ లేకుండానే అన్న సర్పంచ్ అయ్యాడు. ఆ సాయంత్రమే నేను మొయినాబాద్ వెళ్లి మూత కొన్నాను. దుకాణదారు మూత ముందే గల్లా మీద పెట్టి ఉంచాడు, అప్పటికే విన్నాడట.

ప్రమాణస్వీకారం రోజు పంచాయతీ ఆఫీసు ముందు మైకు పెట్టారు. మండలం నుంచి వచ్చిన అధికారి అన్న చేత ప్రమాణం చేయించి కూర్చున్నాడు. ఎండకు ఆయన చేతికి ఎవరో చల్లటి నీళ్లు అందించారు. అప్పుడు అంజయ్య తాత లేచాడు.

"ఆగుండ్రి సారూ. ఇంకొక ప్రమాణం ఉన్నది."

నన్ను మైకు ముందుకు తోశారు. ఊరంతా చూస్తుండగా, లలిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుండగా, కుడిచెయ్యి చాచి పలికాను.

"సర్పంచ్ తమ్ముడినైన నేను, ఊరి నీళ్ల ట్యాంకు నిచ్చెన మొదటి మెట్టు మీద కూడా కాలు మోపనని, పంచాయతీకి చెందిన ఏ వాల్వునూ కుడికి గానీ ఎడమకు గానీ తిప్పనని, ప్రజలు తాగే నీళ్లలో ఏ సముద్రాన్నీ, ఏ అఖాతాన్నీ, ఏ పరిస్థితుల్లోనూ కలపనని అంతఃకరణ శుద్ధితో ప్రమాణం చేస్తున్నాను."

అన్న ప్రమాణానికి కొట్టినదానికంటే ఎక్కువ చప్పట్లు కొట్టారు. అవి ఆగేసరికి ఆ అధికారి పెదాల దాకా ఎత్తిన గ్లాసును, ఒక్క చుక్క కూడా తాగకుండా, మెల్లగా బల్ల కిందికి దించేశాడు.