మిషిన్ వినిపించిన గుండె

మా కొత్తవాడలో మగ్గం చప్పుడు ఆగితేనే ఎవరికైనా భయం. చప్పుడు వినబడుతోందంటే ఆ ఇంట్లో అంతా బాగున్నట్టే లెక్క. ఆ అలవాటే మా కొంప ముంచింది.

ఎనభైలలో నా రెండో కాన్పు. కడుపులో బిడ్డ గుండె చప్పుడు పైకి వినిపించే మిషిన్ ఒకటి హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానకు అప్పుడే కొత్తగా వచ్చింది. జంపఖానాలు నేసే మా ఇంట్లో అంతకుముందు కాన్పులన్నీ మంత్రసాని చేతుల్లోనే. “ఈసారి మిషిన్ ఉన్న కాడికే పోదాం” అని మా అత్తమ్మ పట్టుబట్టింది. నా మేలు కోరే అన్నది, అది కాదనను.

ఆ పొద్దున నాకు నొప్పులు, జ్వరం. వాటికంటే ఎక్కువ భయపెట్టింది బిడ్డ మెదలకపోవడం. దవాఖానలో పొట్టకు బెల్టు కట్టి మిషిన్ పెట్టారు. ఠకఠకా చప్పుడు మొదలైంది. “బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది” అంది డాక్టరమ్మ.

అత్తమ్మ ముఖం విప్పారింది. “జర గట్టిగ పెట్టు బిడ్డా, బయట మావోళ్లకు గూడ ఇనవడాలె” అని నర్సును బతిమాలింది. కొంగున కట్టి తెచ్చిన చక్కర విప్పి వరండాలో అందరికీ పంచింది. బిడ్డ ఏడుపు విన్నాక పంచాల్సిన చక్కర అది. గుండే వినబడుతుంటే ఏడుపు దాకా ఆగడమెందుకు అనుకుంది మహాతల్లి. నా నోట్లో కూడా చిటికెడు పోసింది.

“అత్తా, బిడ్డ మెదుల్తలేదు. నాకు భయమైతాంది” అన్నాను.

“పిచ్చిదానా! గుర్రం ఉరికినట్టు ఉరుకుతాంటే మెదుల్తలేదంటవేందే? ఫికర్ చెయ్యకు.”

నాకు ఒళ్లు మండిపోయింది. కడుపు నాది, మాట చెల్లేది మాత్రం మిషిన్‌ది! అరిచాను, ఏడ్చాను. నేను భయపడేకొద్దీ ఆ చప్పుడు జోరందుకుంది. అది జోరందుకునేకొద్దీ వాళ్లకు ధైర్యం పెరిగింది. నా నాడి పట్టి చూద్దామని ఒక్కరికీ తోచలేదు.

మధ్యాహ్నం కాన్పయింది. కొడుకు. ఏడవలేదు. నర్సు వీపు మీద తట్టింది, డాక్టరమ్మ గొట్టంతో ఊపిరి ఊదింది. వాడి పెదాలు అప్పటికే నల్లబడి ఉన్నాయి. నా పొట్ట మీద బెల్టు విప్పడం ఎవరికీ గుర్తులేదు. గదిలో ఠకఠకా అదే చప్పుడు, అదే జోరు.

డాక్టరమ్మ మిషిన్ వైపు చూసి, వచ్చి నా మణికట్టు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. “మిషిన్‌కు తల్లి గుండె ఏదో, బిడ్డ గుండె ఏదో తెలియదమ్మా. దొరికిందే వినిపిస్తుంది” అంది మెల్లగా.

అత్తమ్మకు ఆ మాట చెవికెక్కలేదు. “కొట్టుకుంటనే ఉన్నది గద డాక్టరమ్మా! ఇనవడ్తలేదా? పోరడు బతికే ఉన్నడు, జర మంచిగ చూడుండ్రి!” అని మిషిన్‌ను చూపిస్తూ దండాలు పెడుతూనే ఉంది.

“అత్తా, అది నా గుండె” అని చివరికి నేనే చెప్పాల్సి వచ్చింది.