సూర్యారావు గారి కళ్లజోడు గీసిన గీత

నిన్న సాయంత్రం అల్ అజీజియాలోని గిటార్ల కొట్టులో అడుగు పెట్టగానే నిమ్మనూనె వాసన ముక్కుకు తగిలింది. తీగలు మార్పించుకుందామని నా ఎలక్ట్రిక్ గిటార్ తీసుకెళ్లాను. కొత్తగా చేరిన పనివాడొకడు గిటార్ మెడకు ఆ నూనె రుద్దుతూ, దాని పక్కన పొడుచుకొచ్చిన పై కొమ్ము దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. అక్కడ నీలం రంగు మీద బొటనవేలంత మేర సన్నటి గీతలున్నాయి. మిగతా ఒళ్లంతా కొత్తదానిలా మెరుస్తుంటే, ఆ ఒక్కచోటే ఎవరో పనిగట్టుకుని గీకినట్టుంటుంది. "యే దాగ్ నికల్ జాయేగా సార్, పతా భీ నహీ చలేగా" అంటూ పాలిష్ గుడ్డ అందుకున్నాడు. మరక పోతుందట, ఆనవాలు కూడా మిగలదట. నేను చప్పున అతని చెయ్యి పట్టుకుని వద్దన్నాను. అతను నన్నూ గిటార్‌నూ మార్చి మార్చి చూశాడు. ఈ మనిషి ఏదో దాస్తున్నాడు అన్న చూపది. నాకు కోపం రాలేదు. అలా చూడటం నాకు నేర్పిన మనిషే ఆ గీతలు గీసింది.

ఆయన పేరు సూర్యారావు. కాకినాడ మనిషి. ఈ అరబ్బు దేశంలో, ఖోబర్ బయట పైపులు తయారుచేసే యార్డులో క్వాలిటీ విభాగానికి పెద్ద, నాకు బాస్. ఆయన అనుమానం గురించి యార్డులో కథలు కథలుగా చెప్పుకునేవాళ్లం. ఎవరైనా గుడ్ మార్నింగ్ చెబితే ముందు వాచీ చూసుకునేవారు. ఉనైజా నుంచి మంచి ఖర్జూరాలు తెప్పించి ఆఫీసులో పంచితే, ఒక్కొక్కటీ చీల్చి, పురుగుందేమో చూసి, లేకపోతే కాస్త నిరాశగా తినేవారు. మా పనిలో హోల్డ్ పాయింట్ అని ఒకటుంటుంది. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సంతకం పెట్టేదాకా పని అక్కడే ఆగిపోవాలి, ఎంత పెద్దవాడు తొందర పెట్టినా సరే. మిగతావాళ్లకు అదొక నియమం. సూర్యారావు గారికి అది బతికే పద్ధతి.

వరంగల్ నుంచి కొత్తగా వచ్చిన నన్ను ఏరికోరి తన కింద వేయించుకున్నారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. పైపుల్లోకి గాలి ఎక్కించి లీకులు వెతికే రోజున నన్ను ప్రతి అతుకు దగ్గరికీ పంపి, తను సబ్బునీళ్ల సీసా పట్టుకుని వెనక వచ్చేవారు. నేను చెవి ఒగ్గి వినాలి, తను నురగ చూడాలి. "ఏం వినపడిందయ్యా?" అని అడిగేవారు.

"ఏం లేదు సార్."

"ఏం లేదంటావా, నీకు వినపళ్ళేదంటావా? రెండూ ఒకటి కాదు. మళ్ళీ ఎళ్ళు."

మళ్లీ వెళ్లేవాణ్ణి. ఎండలో మాడిపోతూ, ఈయన నన్ను కావాలనే వేధిస్తున్నాడని లోలోపల తిట్టుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆ తిట్లలోనే పని నేర్చుకున్నాను.

అలాంటి మనిషి నా గిటార్ వ్యవహారంలోకి ఎందుకు దూరాడన్నది నాకు పెద్ద చిక్కుప్రశ్న అయింది. కాలేజీలో స్నేహితుడి గిటార్ మీద నేర్చుకున్న విద్య నాది. ఇక్కడికొచ్చాక వేళ్లు మెత్తబడిపోయాయి. గురువారం సాయంత్రాలు మా ఫ్లాట్‌లో నలుగురం చేరేవాళ్లం. ఒకరు పాత మెలొడీలు పాడేవారు, ఇంకొకరికి రాక్ తప్ప ఆనదు, నా భార్య లావణ్య భక్తి పాటలు అందుకునేది. అన్నిటికీ సరిపోయే ఎలక్ట్రిక్ గిటార్ ఒకటి కొనుక్కోవాలని నాకు పిచ్చి కోరిక. లావణ్య ఒప్పుకుంది కానీ షరతు పెట్టింది. "ఒక్కటే కొను. మరీ అగ్గువది వద్దు, మరీ పిరమైనదీ వద్దు. ఇది మంచిగలేదు, ఇంకోటి తెస్తనంటె మాత్రం ఇంట్ల అడుగు వెట్టనియ్య" అంది. ఆమె మాట ఎలా ఉన్నా నా సంగతి నాకు తెలుసు. ఈసారి తప్పు గిటార్ కొంటే అది గోడకు వేలాడుతుంది, నా సరదా కూడా దానితోపాటే వేలాడుతుంది. రెండోసారి అడిగే మొహం నాకు లేదు.

ఈ మాట ఆఫీసులో టీ దగ్గర అన్నానో లేదో, సూర్యారావు గారు కప్పు కింద పెట్టి "ఎప్పుడెళ్తున్నావ్? నేనూ వస్తాను" అన్నారు. ఇంట్లో చెబితే లావణ్య కళ్లు చిన్నవి చేసింది. "చాయకు పిలిస్తెనే రాని మనిషి, గిటార్ కొంటనంటె ఎందుకొస్తుండు? ఆ కొట్టాయన ఏమన్న దోస్తా?" నాకూ ఆ అనుమానమే ఉంది. కారులో వెళ్తూ, మీకు గిటార్ వచ్చా సార్ అని కూపీ లాగాను. "కాకినాడలో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో వాయించాలే. అదెప్పటి మాటో" అని కిటికీలోంచి బయటికి చూశారు. నేను నమ్మలేదు. నమ్మకూడదని నేర్పింది ఆయనే కదా.

కొట్టు యజమాని అష్రఫ్ భాయ్ పాకిస్తానీ, ఓపికమంతుడు. ఆ రోజు ఆ ఓపిక మొత్తం ఖర్చయిపోయింది. సూర్యారావు గారు ప్రతి గిటార్‌నూ పైపు పట్టుకున్నట్టు కంటికి ఆనించి, మెడ వంకర ఉందేమో చూశారు. జేబులోంచి నూలు రుమాలు తీసి మెడ అంచు వెంట మెల్లగా లాగారు. "ఏసీలో చెక్క ఎండి కుంచించుకుపోద్దయ్యా. అప్పుడీ ఫ్రెట్ల, అదే ఈ అడ్డకమ్మీల, చివర్లు బయటికి పొడుచుకొస్తాయి. దారం తగులుకుందంటే రేపు నీ చెయ్యి కోసుకుపోయినట్టే" అన్నారు. తీగ సాగదీసి వదిలి, శ్రుతి మళ్లీ అదే చోటికి వచ్చిందా అని యంత్రం పెట్టి చూశారు. ఇదంతా సబబుగానే ఉంది. కానీ నాకు నచ్చిన తెల్ల గిటార్ దగ్గరికి వచ్చేసరికి ఆయన వరస మారింది. దాని పికప్‌లు, అంటే తీగల కింద ఉండి స్వరాన్ని పట్టుకునే అయస్కాంతాలు, సన్నరకం. గాజు మీద చినుకు పడ్డట్టు పలికేది. ఆయన మొహం చిట్లించి "గుయ్యిమనే రొద తప్ప ఇందులో ఏవుందయ్యా?" అన్నారు. పక్కనే లావు పికప్‌ల నల్ల గిటార్ ఉంది. బరువుగా, బొంగురుగా మోగుతుంది. దాన్ని మాత్రం ఒళ్లో పిల్లాడిలా పట్టుకున్నారు. "ఇదీ గిటారంటే" అన్నారు. ఏమీ కొనకుండా వచ్చేశాం.

వారం తిరిగాక మళ్లీ వెళితే మళ్లీ అదే తంతు. సన్నగా పలికే ప్రతిదానికీ ఏదో వంక, బొంగురుగా పలికేదానికల్లా మెప్పు. నా సొమ్ముతో తన ముచ్చట తీర్చుకుంటున్నాడని నాకు ఖాయమైపోయింది. సాయంత్రపు మగ్రిబ్ నమాజు వేళైంది. అష్రఫ్ భాయ్ మమ్మల్ని లోపలే ఉండమని చెప్పి మసీదుకు వెళ్లాడు. సూర్యారావు గారు నాకు వీపు పెట్టి, అద్దాల తలుపు దగ్గర నిలబడి వీధిలోకి చూస్తున్నారు. నేను ఆంప్లిఫయర్ సౌండ్ కాస్త తగ్గించి, తెల్ల గిటార్ మీద సన్న తీగపై హెచ్చు స్వరాలు వాయించాను. ఆయన కదల్లేదు. ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా వాయించాను. ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు నల్లది తీసుకుని అవే స్వరాలు లావు తీగల మీద ఎత్తుకున్నాను. చటుక్కున తిరిగి "మొదలెట్టావా? వాయించు, వాయించు" అన్నారు.

"ఇంతకుముందు వాయించింది ఎట్లున్నది సార్?"

"ఎప్పుడు?"

నేను తెల్లదాని వైపు చూశాను. ఆయన నా మొహం చూసి, నేను పక్కన ఆనించిన తెల్ల గిటార్ చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పట్టేశావు. ఇన్‌స్పెక్టరంటే ఇలాగే ఉండాలి" అన్నారు. నవ్వారు కూడా. తర్వాత కూర్చుని చెప్పారు. "హాయిల్‌లో గోధుమలు పోసే సైలోలు కట్టాం. ఆ ఇనప గాదె లోపల గ్రైండర్ తిరుగుతుంటే పక్కనే ఉండి చూసేవోణ్ణి. చెవులకి పెట్టుకోమని ఇచ్చినవి జేబులోనే ఉండేవి. సన్న చప్పుళ్ళన్నీ పోయాయయ్యా. పిట్ట కూత, ఫోన్ మోత, గాలి లీకయ్యే ఈల. ఏదీ లేదు."

నాకు జాలి కంటే ముందు భయం వేసింది. "మరి యార్డుల టెస్టింగు ఎట్ల సార్?"

"అందుకే కదయ్యా నిన్ను నా కిందెయ్యమని అడిగింది. మేనేజరుకి నేనే చెప్పాను. లోకాన్నంతా అనుమానించి నా చెవిని నమ్మితే ఎలా? ముందు రిజెక్ట్ చేసింది దాన్నే." గొంతు తగ్గించారు. "ఇక్కడ మాత్రం కక్కుర్తి పడ్డాను. మళ్ళీ ఓసారి దగ్గర కూచుని వినాలని ఆశపుట్టింది. నాకు వినపడేదే మంచిదనిపించింది. నువ్వు కొనేది ఒక్కటే కదా, నీ చెవికి కొనుక్కో." లేచి తలుపు మీద చెయ్యి వేశారు.

"ఆగండి సార్. ఇది హోల్డ్ పాయింట్. మీరు సంతకం వెట్టకుంటె నేను కొన" అన్నాను.

అష్రఫ్ భాయ్ రాగానే, రెండు గొంతులూ ఉన్నది ఒకటి చూపించమని అడిగాను. లోపలి నుంచి నీలం గిటార్ తెచ్చాడు. బొత్తాం నొక్కి ఉంచితే లావు గొంతు, పైకి లాగితే సన్న గొంతు. ధర కూడా మా మధ్యరకం గీత దాటలేదు. "రెండూ చేస్తానంటోందంటే రెండూ సగం సగం చేస్తుందేమో చూడు" అంటూ సూర్యారావు గారు కుర్చీ లాక్కున్నారు. కన్ను ఆనించారు, రుమాలు లాగారు, తీగలు సాగదీశారు. లావు గొంతు తనే విని తల ఊపారు. తర్వాత బొత్తాం పైకి లాగి, నా వైపు తిరిగి "ఏం వినపడింది?" అన్నారు.

"గంట లెక్క మోగుతున్నది సార్. తెల్లదానికంటె జెరంత తక్కువ, గంతే. రొద లేదు."

"నాకది తెలీదు. నీ మాట మీద పాస్ చేస్తున్నాను" అన్నారు. ఎవరి మాట మీదా చిన్న అతుకును కూడా పాస్ చేయని మనిషి! నాకు ఉద్యోగంలో ఆ తర్వాత చాలా మెప్పులు వచ్చాయి, ఒక్కటీ దీనికి సాటి రాలేదు.

ఆ తర్వాత ప్రతి గురువారం మా ఇంటికి వచ్చేవారు. లావణ్య ఇచ్చిన చాయ్ కప్పు అంచు చూసుకుని మరీ తాగేవారు. నేను పాటలన్నిటికీ సన్న గొంతుతో వాయించి, చివర్లో బొత్తాం నొక్కి గిటార్ ఆయనకు ఇచ్చేవాణ్ణి. ఆయన తల వంచి, చెవి ముందరి ఎముకను గిటార్ పై కొమ్ముకు ఆనించి, కళ్లు మూసుకుని లావు తీగలు మీటేవారు. వేళ్లు కాకినాడను మర్చిపోలేదు. ఆర్కెస్ట్రా మాట అబద్ధం కాదు. ఆయన ఆనుకున్నప్పుడల్లా కళ్లజోడు స్టీలు కాడ రంగును గీకేది. లావణ్య చూసి నాకు సైగ చేసేది. చెప్పొద్దని నేను తిరిగి సైగ చేసేవాణ్ణి.

ఆయన ఉద్యోగం వదిలి, ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ మీద కాకినాడ వెళ్లిపోయారు. ఫోన్ మోత వినబడదు కాబట్టి మెసేజ్‌లే పెడతారు. ఎండలు ముదరగానే ఒకటి వస్తుంది: "మెడ వంగిందేమో చూడు. చూశానని చెప్పకు, చూడు."

నిన్న గీతలతో సహా గిటార్‌ను ఇంటికి తెచ్చుకున్నాను. కొట్టులో వాళ్లు ఏమైనా అనుకోనీ. కొత్త తీగలు సరిచూసి, మెడను కంటికి ఆనించి చూశాను. వంకర లేదు. మళ్లీ చూశాను. తర్వాత బొత్తాం నొక్కి, తల వంచి, ఆ గీతల మీదే నా ఎముక ఆనించి లావు తీగ మీటాను. మోత దవడలోంచి గుండెలోకి దిగింది. ఆయన ఇక్కడ లేకపోవడం నాకు చాలా బాధగా ఉంది. తీగ పూర్తిగా ఆగేదాకా అలాగే ఉండి, అడిగేవాళ్లెవరూ లేకపోయినా పైకే చెప్పాను. "వినబడింది సార్."